జాడీ అడుగు

కొండెవాగు దవాఖానా,
భద్రాచలం మీదుగా.
ఫిబ్రవరి చివర, 2006.

బావకు,

జ్యోత్స్న రాసేది. ఫోన్ చేయడం లేదని నువ్వు మూతి ముడుచుకున్నావట, మీ అమ్మ సోమ్లి అత్త కబురు పంపింది. ఈ అడవిలో సెల్లుకు సిగ్నల్ లేదు. దవాఖానా మొత్తానికి ఉన్న ఒక్క ఫోనూ డాక్టర్ ప్రభాకర్ గారి బల్ల మీద ఉంటుంది. ఆయన ఎదురుగా కూర్చుని మందులు రాస్తుంటే, "బావా, నువ్వు గుర్తొచ్చి అన్నం సయించడం లేదు" అని ఎలా చెప్పను? ఉత్తరమైతే నువ్వొక్కడివే చదువుతావు. పెళ్ళైన దగ్గర్నుంచీ నువ్వు ఖమ్మం ల్యాబులో, నేను ఈ వార్డులో. దీపావళికి వచ్చినప్పుడు నువ్వు మరిచిపోయిన తువ్వాలు ఇంకా ఉతకలేదు. నవ్వుతావేమో, నవ్వుకో.

ఇక్కడ మన లంబాడీ మాట మాట్లాడే మనిషి బస్సు కండక్టర్ దేవ్‌సింగ్ అన్న ఒక్కడే. అదీ బస్సు ఆగినంతసేపు. ఆ కాసేపటి కోసం పొద్దుటి నుంచీ ఎదురుచూస్తాను.

ఇక పని సంగతి. ఆపరేషన్ చేసి బిడ్డను తీసిన తల్లులకు కుట్లు మానడం లేదు. మొదట బాగానే ఉంటాయి. మూడో రోజో నాలుగో రోజో కట్టు విప్పితే గుడ్డ మీద ఆకుపచ్చ మరక, నానిన ఇప్పపువ్వులాంటి తీపి వాసన. ఒకరికి తగ్గేలోగా ఇంకొకరికి. పోయిన నెల ఒక తల్లి ఒళ్ళంతా విషమెక్కి చనిపోయింది. డాక్టర్ గారు కోయ ఇంట్లో పుట్టిన మనిషే, అయినా తన వాళ్ళ మీదే అరుస్తున్నారు: "ఆకు పసర్లు పూస్తున్నరు. ఇంటిల్లిపాది వచ్చి వార్డుల పండుతున్నరు. మానమంటే ఎట్ల మానుతది?"

జంపక్క అని ఒక తల్లి నిన్న నా చెయ్యి పట్టుకుని, "ఆకు గీకు ఏం పెట్టలే సిస్టరమ్మా, ఒట్టు" అంది. ఆమె గాయం మీద తిప్పిన దూది పుల్లను గాజు గొట్టంలో పెట్టి, నా టిఫిన్ డబ్బాలో సర్ది దేవ్‌సింగ్ అన్న చేతికి ఇస్తున్నాను. డాక్టర్ గారికి చెప్పే పంపుతున్నాను. అది ఏ క్రిమో చూసి రాయి.

నీ జ్యోత్స్న


ఖమ్మం, మామిళ్ళగూడెం.
మార్చి మొదటి వారం.

జ్యోత్స్నా,

డబ్బా అందింది. మూత తీసేదాకా నువ్వేదో వండి పంపావనుకున్నాను. ఆశకు అంతుండాలి.

పుల్లను రుద్దిన ల్యాబు ప్లేటంతా ఆకుపచ్చగా పెరిగింది. సూడోమొనాస్ అనే క్రిమి. ఇది మనిషి ఒంటి మీద కంటే తడిలో ఎక్కువ బతుకుతుంది. కుళాయి, బకెట్టు, తొట్టి, తడిగుడ్డ, ఇవి దాని ఇళ్ళు. ఒక్క జంపక్కకే వస్తే వేరే సంగతి. అందరికీ ఒకటే మరక, ఒకటే వాసన అంటున్నావు. అంటే అందరినీ ముట్టుకునే తడి వస్తువు ఏదో మీ వార్డులో ఉంది. ఆకు పసరును తిట్టే ముందు దాన్ని వెతకమని మీ డాక్టర్ గారికి చెప్పు. నా మాటగా కాకుండా నీ మాటగా చెప్పు, పెద్దవాళ్ళతో తంటా.

డబ్బాను కడిగి, మరిగే నీళ్ళలో ఉడికించి, బోర్లించి ఆరబెట్టి, కారప్పూస నింపి పంపుతున్నాను. తిను.

రెండు గదుల ఇల్లు చూశాను. పొద్దుటి ఎండ వంటింట్లో పడుతుంది. నీ బదిలీ కాగితం ఆఫీసులో కదిలిందట, వానలకు ముందే రావచ్చన్నారు. ఒక్కడి కోసం వండినా అన్నం రోజూ మిగులుతోంది. కొలత తెలియక కాదు. ఇద్దరికి పోయడం చెయ్యి మానుకోలేదు.

కోటేష్


కొండెవాగు.
మార్చి.

బావకు,

ల్యాబులో పనిచేసే వాడివి, నమూనాల డబ్బాలో కారప్పూస పెడతావా! పద్మావతమ్మ గారు చూసి, "మీ ఆయనకి ప్రేమ ఎక్కువై మతి తక్కువైందే" అన్నారు. అంటూనే సగం ఆవిడే తిన్నారు.

పద్మావతమ్మ గారి గురించి నీకు చెప్పాను కదా, మా హెడ్ నర్సు. మధిర మనిషి. ఆగస్టులో రిటైరైపోతారు. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, చారన్నం కలిపి ముద్దలు చేసి పెట్టిన మనిషి. ఆవిడ సాయంతోనే తడి ఉన్న చోటల్లా పుల్లలు తిప్పాను: కుళాయి, నీళ్ళ డ్రమ్ము, నేల తుడిచే బకెట్టు, చేతులు కడిగే తొట్టి. చివరికి ఆవిడ చేతులు, నా చేతులు. డాక్టర్ గారు కూడా గొణుక్కుంటూ చెయ్యి చాపారు.

జంపక్కను ఇంటికి పంపారు. వారానికోసారి కట్టు కోసం అడవిలోంచి నడిచి వస్తుంది, చంకలో పసిబిడ్డ. కూర్చోమంటే కూర్చోదు. కూర్చుంటే లేవడం నొప్పట.

నేను బాగానే ఉన్నాను. ఈ మధ్య పుల్ల చింతకాయ తప్ప ఏదీ నోటికి పోవడం లేదు. ఎండలకు కాబోలు.

జ్యోత్స్న


ఖమ్మం.
మార్చి.

జ్యోత్స్నా,

ఏ పుల్లలోనూ ఆ క్రిమి లేదు. బకెట్టులో వేరే చెత్త పెరిగింది గాని, అది ఇది కాదు. నీ చేతుల ప్లేటు శుభ్రంగా ఉంది. దాన్ని పారేయబోయి కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. నీ చెయ్యి తాకిన పుల్ల కదా. ల్యాబులో వాళ్ళు ఏంది సంగతి అని అడిగారు. ఏదో చెప్పాను.

ఒకటి మరిచావు. కట్టు కట్టే ముందు కుట్లను దేనితో తుడుస్తారు? ఆ మందు కూడా తడే. అందరినీ ముట్టుకునేది కూడా అదే. కాస్త గొట్టంలో పోసి పంపు.

మన ఊరు కారేపల్లి వెళ్ళినప్పుడు నీ చింతకాయ సంగతి అమ్మతో అన్నాను. పొయ్యి ముందు కూర్చున్న మనిషి పకపకా నవ్వింది. "ఎండలకు కాదుర పిచ్చోడా" అంది. నిజమేనా? ఒక్క ముక్క రాయి. అప్పటిదాకా నాకు ఏ ప్లేటూ సరిగ్గా కనిపించదు.

కోటేష్


కొండెవాగు.
మార్చి చివర.

బావా,

నిజమే. దీపావళి నాటిది. దాచానని కోపగించుకోకు. మొదటి కడుపు నిలవనప్పుడు నువ్వు వాకిట్లోంచి లేవకపోవడం చూశాను. ఇది కదిలేదాకా నీకు చెప్పకూడదని మొండిగా ఉన్నాను. నిన్న కదిలింది. పక్కన నువ్వు లేవు. పద్మావతమ్మ గారి చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకున్నాను. మంచి చెయ్యే, కాని నీది కాదు. బాగా ఏడ్చాను.

జంపక్క ఈ వారం వచ్చి నన్ను చూడగానే కనిపెట్టేసింది. "నువ్వు ఏడ కంటవ్ సిస్టరమ్మా? గీడనేనా?" అంది. ఎగతాళి కాదు, ఊరికే అడిగింది. వార్డంతా నా ముఖం వైపు చూసింది. గిన్నె కడగాలన్న నెపంతో బయటికి వచ్చేశాను. ఖమ్మంలో కంటానని ఎలా చెప్పను? ఆ మాట సాయంత్రానికల్లా గూడేలన్నీ తిరుగుతుంది. ఇప్పటికే సగం మంది రావడం మానేశారు. బిడ్డ అడ్డం తిరిగినా ఇళ్ళల్లోనే అవస్థ పడుతున్నారు. మా గడప తొక్కితే కుట్లు కుళ్ళుతాయని భయం. ఆ భయం తప్పని వాళ్ళకు చెప్పే ముఖం నాకు లేదు.

మందు నమూనా పంపను. క్రిములను చంపే మందులో క్రిములా? నిప్పుకు చెదలు పడతాయా? అది పద్మావతమ్మ గారు తన చేత్తో కలిపే మందు. నువ్వు ఏ సందులోకి వెళ్తున్నావో నాకు అర్థమైంది. రాకు.

జ్యోత్స్న


ఖమ్మం.
ఏప్రిల్.

జ్యోత్స్నా,

నాన్ననవుతున్నానని ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. అయినా అందరూ "ఎందుకు నవ్వుతున్నవ్?" అని అడుగుతున్నారు. కొత్తింటి దూలానికి ఉయ్యాల కొక్కెం ఉందో లేదో చూసి వచ్చాను. ఉంది. పట్టుకుని వేలాడి చూశాను, గట్టిదే.

నిప్పుకు చెదలు పట్టవు, ఒప్పుకుంటాను. కాని నీళ్ళు కలిపి నిలవ ఉంచిన మందు నిప్పు కాదు. అది నీరసపడ్డాక ఈ క్రిమి దాన్ని ఓర్చుకుని అందులోనే కాపురం పెడుతుంది. నేను పద్మావతమ్మ గారిని ఏమీ అనడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ మందు పోసే పాత్రను చివరిసారి ఎప్పుడు ఖాళీ చేశారు?

కోటేష్


కొండెవాగు.
ఏప్రిల్.

బావా,

నీ ప్రశ్న చదివి ఉత్తరం మడిచి దిండు కింద పెట్టేశాను. జవాబు తెలుసు గనకే.

దవాఖానా గాజు పాత్ర దీపావళి రోజుల్లో పగిలింది. ఇంకొకటి పంపమని రాస్తే పంపలేదు. పద్మావతమ్మ గారు ఇంటి నుంచి తన తెల్ల పింగాణీ జాడీ తెచ్చారు, ఆవకాయ పెట్టుకునేది. తళతళలాడేలా తోమే తెచ్చారు. అప్పటి నుంచి మందు, నీళ్ళు కలిపి అందులోనే ఉంచుతున్నాం. ఖాళీ మాత్రం ఎప్పుడూ చేయలేదు. సగానికి దిగగానే పైన పోసేస్తాం. "జాడీ అడుగు కనబడనీయకూడదే అమ్మాయ్, ఇంటికి కరువు" అంటారు ఆవిడ. వాళ్ళమ్మ బియ్యం డబ్బాను గాని, ఉప్పు జాడీని గాని అడుగంటనిచ్చేది కాదట. మన సోమ్లి అత్త మాత్రం? జొన్నల గాదెను ఊడ్చనిస్తుందా? చివరి గుప్పెడు వదిలి దాని మీదే కొత్త గింజలు పోస్తుంది. అందుకే నాకది తప్పుగా తోచలేదు. పైగా ముచ్చటేసింది. నేను కూడా ఎన్నోసార్లు పోశాను.

ఈ రోజు ఆవిడ భోజనానికి వెళ్ళినప్పుడు ఉడికించిన గరిటెతో జాడీ అడుగు నుంచి తీశాను. అన్నం పెట్టిన ఇంట్లో దొంగతనం చేసినట్టు అనిపించింది. ఏమీ పెరగలేదని రాయి బావా. అలా రాస్తే మళ్ళీ జంపక్క గాయానికి కారణం దొరకదు. ఏది రాసినా నాకు ఏడుపే.

జ్యోత్స్న


ఖమ్మం.
ఏప్రిల్.

జ్యోత్స్నా,

పెరిగింది. జంపక్క ప్లేటు పక్కన పెట్టి చూశాను. ఒకటే రంగు, ఒకటే వాసన. పరీక్షలన్నీ ఒకేలా వచ్చాయి.

డాక్టర్ గారికి పంపే రిపోర్టులో "మందు జాడీ" అని రాశాను. ఎవరి పేరూ రాయలేదు. ఆవిడకు ముందు నువ్వు చెప్పు. కాగితం చూసి తెలుసుకునే మనిషి కాకూడదు ఆవిడ.

ఇక వచ్చెయ్. నువ్వు వెతకాల్సింది వెతికావు.

కోటేష్


కొండెవాగు.
మే.

బావకు,

సాయంత్రం పద్మావతమ్మ గారి క్వార్టర్‌కు వెళ్ళాను. పాలు తోడు పెడుతున్నారు. నీ రిపోర్టు చదివి వినిపించాను. పెరుగు చెంచా ఆవిడ చేతిలోనే ఉంది. దాన్నీ, పాలగిన్నెనూ మార్చి మార్చి చూశారు.

"అంటే రోజూ నేను తోడేసినట్టే గదే" అన్నారు.

అంతకంటే బాగా నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. పాత మందు అడుగున ఉండిపోయింది, దాని మీద పోసిన కొత్త మందంతా అదే అయిపోయింది. గిన్నెను పక్కకు పెట్టి, "ఆ చచ్చిపోయిన పిల్ల కుట్లు నేనే తుడిచాను" అన్నారు. "నేనూ తుడిచానమ్మా" అన్నాను. ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. ఆ పిల్ల తిరిగి రాదు కదా బావా.

మర్నాడు ఆవిడే డాక్టర్ గారి గదిలోకి వెళ్ళి నిలబడి చెప్పారు. ఆయన రిపోర్టు చదివి, తల పట్టుకుని కూర్చుని, చివరికి లేచి, కట్టు కోసం వచ్చి ఉన్న జంపక్క దగ్గరికి వెళ్ళారు. వాళ్ళ కోయ మాటలో ఏదో అన్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. జంపక్క మాత్రం అప్పటిదాకా దించుకున్న తల ఎత్తి ఆయన్ను చూసింది.

ఇప్పుడు జాడీని రోజూ సాయంత్రం ఒలకబోస్తున్నాం. కడిగి, ఉడికించి, కిటికీలో బోర్లిస్తున్నాం. పొద్దున కాచి చల్లార్చిన నీళ్ళతో కొత్త మందు. నువ్వు డబ్బాకు చేసేదే. బోర్లించిన జాడీని చూడలేక మొదట్లో పద్మావతమ్మ గారు కిటికీ వైపు వీపు పెట్టుకుని కూర్చునేవారు. "లక్ష్మిని వెళ్ళగొట్టినట్టుందే" అనేవారు. ఇప్పుడు ఆవిడే బోర్లిస్తున్నారు. జంపక్క కుట్లు పొడిబారాయి. కొత్తగా ఎవరికీ మరక లేదు. కాని బావా, కొత్తగా వచ్చే వాళ్ళే లేరు. ఆపరేషన్ బల్ల మీద దుప్పటి మడత విప్పనే లేదు.

అందుకే ఒకటి నిర్ణయించుకున్నాను. నేను ఇక్కడే కంటాను.

జ్యోత్స్న


ఖమ్మం.
మే.

నీకేమైనా పిచ్చి పట్టిందా? మొదటిది పోయినప్పుడు నువ్వెలా ఉన్నావో నేనూ చూశాను. బదిలీ కాగితం వచ్చింది. ఇంటికి సున్నం వేయించాను. ఊళ్ళో వాళ్ళకు నమ్మకం కలిగించడానికి నా పెళ్ళాం, నా బిడ్డే దొరికారా? ఈసారి డబ్బా ఖాళీగా పంపుతున్నాను.

కోటేష్


ఖమ్మం.
జూన్.

జ్యోత్స్నా,

ఆ ఉత్తరాన్ని చించెయ్. డబ్బా ఖాళీగా పంపిన రోజు నేను కూడా అన్నం తినలేదు.

కోపం దిగాక ఆలోచించాను. ఎక్కడో ఉన్న జంపక్కకు ఇక్కడ కూర్చుని "ఆ జాడీలో క్రిమి లేదు, రావచ్చు" అని చెప్పేవాణ్ణి నేను. ఆ మాట నా ఇంటి మనిషి విషయంలో నమ్మకపోతే, ఇక నా రిపోర్టు మీద సంతకం ఎందుకు? అది వేరు, భయం వేరు. భయం పోలేదు.

వారం వారం జాడీ నమూనా పంపు. నీకు దూరంగా ఉండి నేను చేయగలిగింది అదొక్కటే, దాన్ని నాకు వదిలెయ్. ఆగస్టు మొదట్లో సెలవు పెట్టాను. నొప్పులు మొదలయ్యేసరికి అక్కడ ఉంటాను. బిడ్డను తీసుకుని ముగ్గురం కలిసి వద్దాం. కొక్కేనికి తాడు కట్టి ఉంచాను.

నీ కోటేష్


కొండెవాగు.
ఆగస్టు.

బావా,

గోదావరి పోటెత్తి మా వాగు ఎదురు తన్నింది. రోడ్డు మునిగింది, ఫోను చచ్చింది. నువ్వు భద్రాచలం దాకా వచ్చి నీళ్ళు చూసి వెనక్కి వెళ్ళావని దేవ్‌సింగ్ అన్న పడవ వాళ్ళతో కబురు పంపాడు. ఎంత ఏడ్చి ఉంటావో నాకు తెలుసు. నువ్వు నా ముందు ఏడవవు.

కూతురు పుట్టింది. నొప్పులు వచ్చాయి గాని బిడ్డ దిగలేదు, గుండె చప్పుడు నెమ్మదించింది. డాక్టర్ గారు ఆపరేషన్ చేసి తీశారు. బల్ల మీద పడుకుని నిన్నే పిలిచానట, మన మాటలో. ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు. పద్మావతమ్మ గారు మాత్రం, "ఏం పిలిచిందో నాకు తెలుసులే" అన్నారట. పిల్లకు నీ చెవులు. మిగతాదంతా నేనే.

నా కుట్లు రోజూ ఆవిడే తుడిచారు. నాలుగో రోజు కట్టు కూడా ఆవిడే విప్పారు. నేను గుడ్డ వైపు చూడలేదు, ఆవిడ ముఖాన్నే చూశాను. ఆ ముఖమే చెప్పింది. తెల్ల గుడ్డ తెల్లగానే ఉంది.

వాగు కాస్త తీయగానే జంపక్క వచ్చింది. పలకరింపు లేదు, పాడు లేదు. మంచం పక్కన నిలబడి, "సూపియ్" అంది. చీర పక్కకు తీసి చూపించాను. వంగి చూసింది, వాసన కూడా చూసింది. అందరికంటే ఎక్కువగా ఆమెకే ఆ వాసన తెలుసు. నడుం ఎత్తి, "మా చెల్లెకు నెలలు నిండినయ్. రేపు తోల్కొస్త" అంది. తోలుకొచ్చింది బావా. నా పక్క మంచంలోనే ఉంది.

కుట్లకు తడి లేదు, తిప్పినా పుల్లకు ఏమీ అంటలేదు. అయినా తిప్పి పంపుతున్నాను, పడవలో అవతలి ఒడ్డు దాకా, అక్కడి నుంచి దేవ్‌సింగ్ అన్న చేతిలో. నేను బాగున్నానని నేను రాస్తే నువ్వు నమ్మవు. ప్లేటు చెబితే నమ్ముతావు.

మీరిద్దరూ ఒకరినొకరు ఇంకా చూసుకోలేదు. పిల్ల నిద్రలో చేతులు చాచినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తోంది.

జ్యోత్స్న


ఖమ్మం.
ఆగస్టు చివర.

జ్యోత్స్నా,

ప్లేటును మొదటి రోజు చూశాను. ఏమీ లేదు. రెండో రోజు చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి చూశాను. ఇంకో టెక్నీషియన్‌ను పిలిచి చూడమన్నాను. "ఏముందిర ఇందుల?" అన్నాడు. "ఏం లేదు కదా?" అన్నాను. "ఏం లేదు" అన్నాడు. వాణ్ణి కావలించుకున్నాను. నాకు మతి చలించిందనుకున్నాడు పాపం.

రిపోర్టు రాయడానికి కూర్చుంటే చెయ్యి సాగలేదు. రోగి పేరు దగ్గర నీ పేరు రాసి, "క్రిమి పెరగలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలా కళ్ళు తుడుచుకుని పెట్టిన సంతకం ఇంకోటి లేదు.

పద్మావతమ్మ గారి రిటైర్‌మెంట్‌కు కొత్త జాడీ ఒకటి కొన్నాను, ఆవకాయకు. పాతది దవాఖానాకే ఉండనివ్వమని చెప్పు. జంపక్క చెల్లెలి బిడ్డ కోసం అమ్మ గౌను కుట్టింది. మన పిల్లకైతే ఒక మూటే ఉంది. డబ్బాను ఉడికించి, బోర్లించి, ఆరబెట్టాను. ఈసారి అందులో కారప్పూస తప్ప మరేదీ ఉండదు.

ఈ ఉత్తరాన్ని టపాలో వేయడం లేదు. దేవ్‌సింగ్ అన్న చేతికీ ఇవ్వడం లేదు. వాగు దాకా ఆయన బస్సులోనే వస్తాను, ఆ తర్వాత పడవ. నీ చేతికి నేనే ఇస్తాను.

చదవడం అయ్యాక తల ఎత్తు. నీ మంచం పక్కనే నిలబడి ఉంటాను.

నీ కోటేష్